కాలువల ఊరికి ఇద్దరు శెట్లను తీసుకుపోయిన రోజు

టూర్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. “అన్నా, థాయ్‌లాండ్‌లో అందరూ చూపించేది కాకుండా ఇంకేమన్నా చూపించాలంటే యాడికి తీసుకోని పోవాల?” అని అడుగుతారు. అడిగినవాళ్లకు దాచకుండా చెప్తాను. బ్యాంకాక్‌లో నది అవతలి గట్టున ఒక చిన్న స్టేషన్ ఉంటుంది, అక్కడ నిదానంగా పోయే రైలెక్కండి, ఆ రైలు దిగి పడవలో ఏరు దాటండి, మళ్లీ ఇంకో రైలెక్కండి, అది కూరగాయల సంత నడుమ నుంచి పోయి ఆగుతుంది, అక్కడి నుంచి కాలువల ఊర్లు దగ్గరే అని చెప్తాను. అన్నీ చెప్పి ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు వేరే పని మీదికి మనసు పోదు. ఆ దారినే నేను ఒకసారి ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోయాను. దాని సంగతి ఫోన్లో చెప్పి ముగించేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు మాటలు. నేను ఇంటర్ తప్పి, అనంతపురంలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో బస్సు టికెట్లు రాసే పనికి కుదిరినవాణ్ణి. మధ్యాహ్నం బస్సులు ఉండవు. ఆఫీసు మీద రేకులు. ఎండకు తట్టుకోలేక జిల్లా గ్రంథాలయానికి పోయి ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చుంటే అక్కడాయన కసురుకుంటాడని ముందర ఒక పుస్తకం తెరిచి పెట్టుకునేవాణ్ణి. అట్లా తెరిచిన పుస్తకాలే నన్ను పట్టుకున్నాయి. దేశాల గురించి, అక్కడి మనుషుల అలవాట్ల గురించి ఉన్న అల్మరా మొత్తం చదివేశాను. ఇంగ్లీషు పుస్తకాలైతే పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. కాలేజీ మెట్లెక్కినవాళ్లు నా ముందర తబ్బిబ్బయినప్పుడు లోలోపల సంతోషపడ్డాను కూడా. ఆ గర్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఉన్నమాట చెప్పాలి కదా.

మా యజమాని విదేశీ యాత్రలు మొదలుపెట్టినప్పుడు, “నువ్వు ఇంగ్లీషు బుక్కులు సదువుతావు గదప్పా, నువ్వే పో” అని నన్నే పంపించాడు. హిందూపురం దాటి కాస్త పోతే బెంగుళూరు విమానాశ్రయం వచ్చేస్తుంది కాబట్టి మావైపు వాళ్లకు బ్యాంకాక్ పోవడం తిరుపతి పోయినంత సులువుగా ఉండేది. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా వ్యాపారస్తుల కుటుంబాలు. ధర్మవరం పట్టుచీరల అంగళ్లవాళ్లు మరీ ఎక్కువ. మూఢం వచ్చిందంటే పెండ్లి ముహూర్తాలు ఉండవు, అంగడికి గిరాకీ ఉండదు. అప్పుడు వాళ్లు ప్రపంచం చూడటానికి బయలుదేరేవాళ్లు.

వాళ్లకు మేము చూపించేది ఏమిటి? సముద్రం, పగడాల దీవి, ఏనుగుల ఆట, రాళ్ల నగల దుకాణం. ఇంకో దేశం పోయి అక్కడి మనిషి పొద్దున ఏం తింటాడో, ఇంటి ముందు ఏం పెట్టుకుంటాడో చూడకుండా తిరిగి రావడం నాకు మనసొప్పేది కాదు. ఏనుగుల ఆట తీసేసి ఆ రోజు కాలువల ఊరికి తీసుకుపోతానని యజమానిని అడిగాను.

“దానికి దుడ్లు ఎవురిస్తారప్పా?”

“పైసా ఎక్కువ కాదన్నా. ఇంగా తగ్గుతాది.”

“తగ్గితే తీసుకోని పో. ఎవురన్నా ఏనుగు ఏదని అడిగినారంటే మాత్రం నీ ఇంటి ముందర తెచ్చి కట్టేస్తా.”

ఎవరూ ఏనుగును అడగలేదు. ఆ ఒక్క రోజు గురించే తిరిగొచ్చి ఊర్లో చెప్పుకునేవాళ్లు. శాకాహారం తినే మా శెట్ల ఆడవాళ్లకు, పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరం కనబడితే అక్కడ ఉల్లిపాయ, తెల్లగడ్డ కూడా వేయరని నేను చూపించినప్పుడు, దారి తప్పిన పిల్లకు ఇల్లు కనబడినట్టు సంబరపడేవాళ్లు. ఇంటింటి ముందు స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంటుంది. ఆ స్థలాన్ని కాచే దేవరకని ఎర్ర కూల్‌డ్రింకు సీసా మూత తీసి, గొట్టం వేసి మరీ పెడతారు. “దేవునికి గొట్టమెందుకప్పా, ఎత్తి తాగలేడా?” అని మా వాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వులో ఎగతాళి ఉండేది కాదు. మనమూ నైవేద్యం పెడతాం కదా.

ఒక ఏడు ఏప్రిల్ యాత్రకు వారం ముందు ఒకావిడ ఉరవకొండ నుంచి మా ఆఫీసుకు వచ్చింది. పుట్టిల్లు ధర్మవరం. పేర్లు రాయను. ఆమెను అక్కయ్య అంటాను, ఆమె అన్నను పెద్దశెట్టి, తమ్ముణ్ణి చిన్నశెట్టి అంటాను. ఇద్దరివీ పక్కపక్కన పట్టుచీరల అంగళ్లు. ఇద్దరికీ మాటల్లేవు. ఎన్నేళ్లుగా అని అడిగితే, “మా పిల్లోడు పలక పట్టుకోని బడికి పోతాన్నప్పటి నుంచి” అన్నది. ఆ పిల్లోడికే ఇప్పుడు శ్రావణంలో పెండ్లి. మేనమామలు ఒకరు వస్తే ఇంకొకరు రామంటున్నారట.

“ఇద్దరికీ టికెట్లు తీసుకుంటాండా అప్పా. వదినకూ మరదలికీ చెప్పి ఇంట్లోనే నిలబెట్టేసినా. పెద్దాయనకు చిన్నోడు రాడని చెప్పినా. చిన్నోనికి పెద్దాయన రాడని చెప్పినా.”

“తెలిస్తే దిగిపోతారేమోమ్మా.”

“ఎగిరినంక యాడ దిగుతారు?”

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. “ఒకసారి మాట్లాడుకుంటే సాలు. తిట్టుకున్నా సరే. నీకు ఆ దేశం సంగతులన్నీ తెలుసంట గదా, ఏదో ఒక సందు చూడు నాయనా” అన్నది.

నేను సందు చూశాను. ఆ ఏప్రిల్ నడుమలోనే అక్కడివాళ్ల కొత్త సంవత్సరం. వీధుల్లో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకోవడం అందరూ టీవీలో చూసే ఉంటారు. ఇంటిలోపల జరిగేది వేరు. పెద్దవాళ్లు రెండు చేతులూ చాచి కూర్చుంటారు. చిన్నవాళ్లు మల్లెపూలు వేసిన నీళ్లు ఆ చేతుల మీద పోస్తారు. నీళ్లు కింద గిన్నెలోకి పడతాయి. పోసేవాడు ఏడాది పొడుగునా తెలిసీ తెలియక చేసిన తప్పులకు క్షమించమంటున్నాడని దాని అర్థం. పెద్దవాళ్లు దీవిస్తారు, అంతే. నోరు తెరిచి ఏమీ చెప్పక్కరలేదు. మాట్లాడుకోలేని ఇద్దరికి ఇంతకన్నా మంచిది ఏముంటుంది? ఇది నేను మా గ్రంథాలయంలో చదివింది. చదివిన రోజు నుంచీ మనసులో ఉన్నదే.

విమానం ఎక్కాక అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దశెట్టి చెల్లెలి వైపు తిరిగి, “ఇది నీ పనేనా?” అన్నాడు. ఆమె కండ్లు మూసుకుని, “నాకు చెవులు దిబ్బడేసినాయన్నా” అన్నది. అప్పుడింకా విమానం కదలనే లేదు.

మొదటి రోజులన్నీ వాళ్ల మధ్య మాటలు మోసింది మా వంటమనిషి. చిలమత్తూరాయన. ప్రతి యాత్రలోనూ మా వెంట వచ్చి, తెల్లారేసరికి బొరుగుల ఉగ్గాని చేసి పెట్టేవాడు. ఆయన గరిటె పట్టుకుని నడుమ నిలబడితే, పెద్దశెట్టి “ఆయప్పకు చెప్పు, మందులు తిన్న్యాక తినమని” అనేవాడు. చిన్నశెట్టి “తిన్న్యానని చెప్పు” అనేవాడు. ఇద్దరి మధ్యా ఒక బల్ల దూరం. “నేను వంటోన్నా, టెలిఫోన్ తీగనా?” అని ఆయన నా దగ్గర వాపోయాడు. నాకేమో లోపల ఆశ పుట్టింది. మందుల సంగతి అడిగే మనిషికి కోపం ఇంకెంత మిగిలి ఉంటుంది?

కాలువల ఊరికి పోయే రోజు వచ్చింది. హోటల్ నుంచి స్టేషన్ దాకా బస్సు. నేను మైకు పట్టుకున్నాను. ఆ నీళ్లు పోసే ఆచారం గురించి ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పేరు, ఏ అర్థం, అన్నీ చెప్పాను. పుస్తకం చదివినవాడి చేతికి మైకు ఇస్తే ఎట్లుంటుందో మీకు తెలుసు. సగం మంది నిద్రపోయారు. పెద్దశెట్టి తెల్లవారుజామునే లేచి స్నానం, జపం చేసుకున్న మనిషి, మొహం మీద చేతిగుడ్డ కప్పుకున్నాడు. వెనక సీట్లో చిన్నశెట్టి మాత్రం ముందుకు వంగి వింటున్నాడు. దిగేటప్పుడు నా పక్కకు వచ్చి, “తమ్ముళ్లు కూడా పోస్తారా అప్పా, పిల్లోళ్లేనా?” అని మెల్లగా అడిగాడు. “వయసులో చిన్నయితే ఎవరైనా పోయొచ్చు” అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ ఒక్క ప్రశ్నతో నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

స్టేషన్లో మేము టికెట్లు తీసుకుంటుండగా మైకులో పాట మొదలైంది. నడిచేవాళ్లు నడిచినచోటే నిలబడిపోయారు. టీ పోస్తున్నామె పోయడం ఆపేసింది. పెద్దశెట్టి గాబరాపడి, “ఏమైందప్పా? ఎవురన్నా పోయినారా?” అన్నాడు. అది వాళ్ల జాతీయగీతం, పొద్దున పూట వేస్తారు. చిన్నశెట్టి వంటాయన చెవిలో, “పాటయ్యేదాకా కదలొద్దని ఆయనకు చెప్పు” అన్నాడు. వంటాయన కదలకుండా పెదవులు మాత్రం ఆడించి చెప్పాడు. పెద్దశెట్టి ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి శిలలా నిలబడ్డాడు. పాట అయిపోయాక అన్నదమ్ములిద్దరూ వేరే వేరే దిక్కులకు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను. అక్కయ్య కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా నొక్కింది.

రైలు ఉప్పు మళ్ల పక్కగా పోయింది. సంతలో పట్టాల మీదికి పరిచిన గుడారాలు బండి రాగానే గొడుగుల్లా ముడుచుకుని, బండి పోగానే మళ్లీ పరుచుకున్నాయి. కొత్తిమీర కట్టలు పట్టాల పక్కనే ఉన్నాయి, ఒక్కటీ నలగలేదు. “మన పాతూరు బజార్లో ఆటో పోతేనే తక్కెళ్లు పడతాయి” అని పెద్దశెట్టి మెచ్చుకున్నాడు. తర్వాత పడవ. ఎటు చూసినా నీళ్లు. ఇంటి మెట్లు నీళ్లలోకే దిగుతాయి. బోరు ఎన్ని అడుగులు వేస్తే తడి తగిలిందని మాట్లాడుకునే మనుషులం మేము. పడవ ఎక్కాక అందరూ చేతులు నీళ్లలో ముంచి చూసుకున్నారు.

మేము పోయింది అక్కడి మా గైడమ్మాయి వాళ్ల అవ్వ ఇంటికి. ఆ అమ్మాయి ముప్పై లోపుది, మెల్లగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషు మాట్లాడేది. అవ్వ స్తంభాల మీద కట్టిన కట్టెల ఇంట్లో ఉంటుంది. చెప్పులు కిందే విడిచి పైకెక్కాం. మెట్ల పక్కన మనిషెత్తు మట్టి జాడీలు వరసగా ఉన్నాయి. ఏమిటవి అని పెద్దశెట్టి అడిగితే, వాన నీళ్లని చెప్పాను. సముద్రం పోటుకు కాలువ నీళ్లు ఉప్పగా అవుతాయి, తాగడానికి వాన నీళ్లు పట్టుకుంటారు.

ఆయన జాడీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “ఇన్ని నీళ్ల నడుమ ఉండి కూడా నీళ్లు దాచుకుంటారాప్పా వీళ్లు!”

అవ్వ అందరికీ గిన్నెల్లో నీళ్లిచ్చింది. ఒక్కో గిన్నెలో ఒక మల్లెపువ్వు తేలుతోంది. పెద్దశెట్టి పెదవి తగలకుండా ఎత్తి గటగటా తాగేసరికి అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ఇంకో గిన్నె అడిగి మళ్లీ తాగి చూపించాడు. ఆ ఇంట్లో ఆయన చిన్నపిల్లవాడయ్యాడు.

తర్వాత గైడమ్మాయి చాప పరిచింది. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చారు. అవ్వ చేతులు చాచింది, వాళ్లు వరసగా నీళ్లు పోశారు, ఆమె ఏదో గొణుగుతూ దీవించింది. అయిపోయాక అవ్వ మా పెద్దశెట్టిని చూపించి, ఈయన కూడా పెద్దవాడే కదా, పక్కన కూర్చోమంది. మా ఆడవాళ్లు “కూసో మామా, సిగ్గెందుకు” అని కూర్చోబెట్టారు. మా గుంపులోని పిల్లలు, కోడళ్లు నీళ్లు పోస్తుంటే ఆయన పెండ్లిలో అక్షింతలు వేసినట్టు అందరినీ పేరు పేరునా దీవించాడు. ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు. ఏదో పండగ ముచ్చట అనుకున్నాడు.

చిన్నశెట్టి లేచాడు. గిన్నెలో నీళ్లు ముంచుకున్నాడు. మా వాళ్లందరికీ వీళ్ల సంగతి తెలుసు. గుసగుసలు ఆగిపోయాయి. అక్కయ్య కొంగు నోట్లో పెట్టుకుంది. చిన్నశెట్టి అన్న ముందర మోకాళ్ల మీద కూర్చుని, సన్నటి ధారగా పోయడం మొదలుపెట్టాడు. పెద్దశెట్టి పక్కన ఎవరితోనో మాట్లాడుతున్నవాడు చేతుల మీద నీళ్లు పడ్డాక తల తిప్పి చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. కింద గిన్నెలో పడుతున్న నీళ్లను చూశాడు.

చేతులు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“మల్లా ఇడిపిస్తాండావా? ఆ పొద్దు ఇడిసింది సాల్లేదా నీకు? ఇంగ నా దగ్గర ఏముండాదిరా ఇచ్చేదానికి?”

చిన్నశెట్టి గిన్నె వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. మిగిలిన నీళ్లు చాప మీద పడ్డాయి. “అన్నా” అన్నాడు. గిన్నె కింద పెట్టి, మెట్లు దిగి, చెప్పులు వేసుకుని పోయి పడవలో కూర్చున్నాడు.

“ఏం మాట పెద్దన్నా అది!” అని అక్కయ్య అరిచింది. పెద్దశెట్టి తడి చేతులు ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. అవ్వ ఏమీ జరగనట్టు ఒక తువ్వాలు తెచ్చి, ఆయన చేతులు తీసుకుని, ఒక్కో వేలూ తుడిచింది. ఆయనకు ఒంట్లో బాగలేదా అని గైడమ్మాయి నన్ను అడిగింది. ఎండకు అలసిపోయాడని చెప్పాను.

తిరుగు పడవలో, అన్నదమ్ములకు దూరంగా చివరి బల్ల మీద కూర్చుని అక్కయ్య మెల్లగా చెప్పింది. వాళ్ల నాయన పోయాక అంగడి పంచుకున్నారు. వాళ్ల ఇంట్లో ఏదైనా పూర్తిగా ఇచ్చేస్తే నీళ్లు విడిచి ఇవ్వడం ఆనవాయితీ. పెద్దమనుషుల ముందర పెద్దశెట్టి దోసిలి పట్టాడు, చిన్నశెట్టి చెంబుతో నీళ్లు పోశాడు, ఆ నీళ్లు పళ్లెంలోకి వదిలి, వీధి మూలమీద ఉన్న సగం, నాయన కూర్చునే గల్లాతో సహా, ఇంక నాది కాదని పెద్దశెట్టి మూడుసార్లు అన్నాడు. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. ఇవ్వడం ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాడు. నడుమ గోడ లేచింది.

“అచ్చం అట్లనేప్పా. అట్లనే కూసున్నారు, అట్లనే పోసినాడు” అన్నదామె. “నాకూ అప్పటికి తట్టలేదు. ఆయన చేతులు లాక్కున్నాకనే తట్టింది.”

ఆ కాలువల ఊర్లో నీళ్లు పోస్తే ఏమని అర్థమో నేను పుస్తకంలో చదివాను. నా ఊరి నుంచి గంట ప్రయాణంలో ఉన్న ధర్మవరంలో ఒక ఇంట్లో నీళ్లు పోస్తే ఏమని అర్థమో ఏ అల్మరాలో ఉంది? మన జిల్లా గురించి ఎవరినైనా కూర్చోబెట్టి అడిగి తెలుసుకోవాలని నాకు అప్పటిదాకా తోచనే లేదు.

సంత దగ్గరికి వచ్చి కాచుకున్న మా బస్సు ఎక్కాక పెద్దశెట్టి నన్ను పక్కన కూర్చోమన్నాడు. “ఏమప్పా, ఆ నీళ్లు పోసేది ఏంటికి?”

చెప్పాను. చెప్పేసరికి ఆయన మొహం ఎట్లా అయిందో రాయడం నాకు చేతకాదు. “ముందే చెప్పిండచ్చు గదా” అన్నాడు.

“చెప్పినాను సార్. పొద్దున మైకులో.”

“మైకులో చెప్తే ఎవురింటారప్పా. పక్కన కూసోని చెప్పాల్సింది.”

ఈ పనిలో ఉన్న పిల్లలు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు.

మరునాడు పొద్దున టిఫిను దగ్గర పెద్దశెట్టి అందరికన్నా ముందు వచ్చాడు. తన పక్క కుర్చీలో చేతిగుడ్డ పరిచాడు, మన ఆర్టీసీ బస్సుల్లో కిటికీలో నుంచి సీటుకు వేస్తామే, అట్లా. ఎవరు వచ్చినా “మనిషి ఉండాడు” అని పంపించేశాడు. చిన్నశెట్టి ప్లేటు పట్టుకుని వచ్చాడు. ఆ గుడ్డను చూశాడు. చూసి, పోయి గోడ పక్క బల్ల దగ్గర, మా వంటాయన పక్కన కూర్చున్నాడు. అందరూ తిని లేచిపోయారు. బల్లలు తుడిచే అమ్మాయి వచ్చి నిలబడేదాకా పెద్దశెట్టి ఆ గుడ్డ తీయలేదు. వంటాయనకు ఆ రోజు నుంచి మోయడానికి మాటలు కూడా లేకుండా పోయాయి.

ఊరికి వచ్చిన తర్వాత ఆషాఢంలో పెద్దశెట్టి నాకు ఫోన్ చేశాడు. ధర్మవరం పోయాను. అంగట్లో తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. “నువ్వే తీసుకోని పోయినావు, నువ్వే చెప్పు వానికి. దాని అర్థం నాకు తెలీలేదని చెప్పు” అన్నాడు.

“మీరే ఒక మాట అంటే బాగుంటుంది సార్. పక్కనే కదా.”

“పెద్దోన్నప్పా నేను.”

పక్క అంగడికి పోయాను. చిన్నశెట్టి చీర మడతల్లో కాగితం పెడుతున్నాడు. నన్ను చూసి కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“తెలీలేదంటే నమ్ముతానప్పా. నాకూ ఆ పొద్దు పోసింది గుర్తు రాలేదు, ఆయనకూ నీ మాట తెలీలేదు. అదంతా సరే. ఇంగ నా దగ్గర ఏముండాదని అడిగినాడే, ఆ మాట తెలిసే అన్నాడు గదా? ఇన్నేండ్లు నేను దోచుకున్నట్లే అనుకుంటాండాడు. నేను వద్దంటే కూడా ఆ మూలంగడి నాకు ఇచ్చింది ఆయనే.”

“ఆ మాట మీరే ఆయన్ను అడగొచ్చు గదా?”

“అడిగేదానికే గదప్పా ఆ గిన్నె పట్టుకున్నింది.”

లేచి మళ్లీ ఇవతలికి వచ్చాను. “ఏమన్నాడు?” అని పెద్దశెట్టి అడిగాడు. ఆ ముసలాయన మొహం చూస్తే ఆ జవాబు నా నోటికి రాలేదు.

“విన్నాడు సార్” అన్నాను.

“విన్నాడా” అన్నాడు. పరుపు మీది ముడత సరిచేసి, “విన్నాడు గదా, సాల్లే” అన్నాడు. అప్పుడే గిరాకీ వచ్చింది. ఆయన చీరలు విప్పి పరచడం మొదలుపెట్టాడు. నేను బస్సెక్కాను.

శ్రావణంలో పెండ్లి జరిగింది. పెద్దశెట్టి ముహూర్తానికి వచ్చి మధ్యాహ్నానికే వెళ్లిపోయాడు. చిన్నశెట్టి రాత్రి విందుకు వచ్చాడు. అక్కయ్య రెండు పూటలా గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినే లోపలికి తీసుకుపోయింది.

మరుసటి ఏప్రిల్లో నేను మళ్లీ కాలువల ఊరికి పోయాను. నా ఆఖరి యాత్ర అదే. ఆ తర్వాత యజమాని పిల్లలు ఆఫీసు చూసుకోవడం మొదలుపెట్టారు, నేను ఇంటి పట్టున ఉండిపోయాను. అవ్వ నన్ను గుర్తుపట్టింది. నీళ్లు ఎత్తి తాగినాయన ఏడీ అని సైగ చేసి చూపించింది. రాలేదన్నాను. ఆమె గైడమ్మాయితో చాలాసేపు ఏదో చెప్పింది. ఆ అమ్మాయి విని, నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది.

పోయినేడు ఆ ఇద్దరి గురించి అవ్వ ఇరుగుపొరుగుకు చాలామందికి చెప్పిందట. తమ్ముడు క్షమించమని అడగబోతే, నువ్వు నన్ను అడగడమేమిటని అన్న చేతులు వెనక్కి తీసేసుకున్నాడట. అంత ప్రేమ ఉన్న అన్నదమ్ములను తన బతుకులో చూడలేదట. తమ్ముడు ఆ ప్రేమకు తట్టుకోలేకనే లేచి పడవలోకి పోయి ఉంటాడట. వాళ్లను ఈసారి తప్పకుండా తీసుకురమ్మని అవ్వ అడుగుతోంది అన్నది.

నేను కాదనలేదు. సరేనన్నాను.

ఊరికి వచ్చాక చాలా రోజులు ఆ మాట నాలోనే ఉంచుకున్నాను. ఒక సాయంత్రం ఉండబట్టక ఉరవకొండకు ఫోన్ చేశాను. అక్కయ్య కోడలు తీసి ఆమెకు ఇచ్చింది. అవ్వ అన్నది అన్నట్టుగా చెప్పాను. లైను పోయిందేమో అనుకుని, “అమ్మా, ఉండారా?” అన్నాను.

“ఉండా” అన్నది. “వాళ్లకు చెప్పొద్దులేప్పా.”

“చెప్పనమ్మా.”

ఫోన్ పెట్టేయబోతుంటే ఆమె ఆపింది.

“నాకు ఇంగొకసారి చెప్పు.”

నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను.